బాదంపప్పు సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: ముదిమిలో మతి చెడకుండుటకై రోజుకారు బాదంపప్పులు నానవేసి తినుడు, గళ్ల నుడికట్టు నింపుడు, ఎడమచేత్తో పళ్లు తోముడు.

అవతారిక: ఈ సూత్రము తెల్లవారుజామున వాట్సాప్‌నందు ఆవిర్భవించినది. కర్త అజ్ఞాతుడు. కోయిలకుంట్ల విశ్రాంత ఉద్యోగుల గ్రూపులో ఒకే ఉదయం నలుగురు దీనిని పంపిరి. ముందువాడు పంపినట్టు తరువాతివాడు ఎరుగడు. జ్ఞాపకశక్తిని గూర్చిన గ్రంథమునకు ఇంతకుమించిన మంగళాచరణము దొరకదు.

ప్రతిపదార్థం: సులభము. విడిచితిమి.

టీక: 'బాదంపప్పులు' — నల్లరేగడిలో శనగ పండు సీమకు ఇచ్చట పండని పప్పును విధించుటేల? ధర యెక్కువైనదానికి గుణమెక్కువని లోకవిశ్వాసము గనుక.

'గళ్ల నుడికట్టు' — దీనిచే అవధానము సూచితము. ఎట్లని అడుగరాదు. మూలములో లేనిది రాయనని మల్లినాథసూరి పట్టిన ప్రతిజ్ఞ మేము పట్టలేదు.

అష్టావధానమున ఎనిమిదిమంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుందురు. సమస్య ఇచ్చువాడొకడు. నాలుగు పొసగని మాటలు పడవేసి, వీటితో భారతార్థంలో పద్యం చెప్పమనే దత్తపదివాడొకడు. నిషిద్ధాక్షరివాడు అక్షరమక్షరానికీ అడ్డుపడును. మరొకడు తోచినప్పుడు గంట కొట్టును. ఎన్ని కొట్టెనో లెక్క తప్పరాదు. ఈ సందట్లోనే అప్రస్తుత ప్రసంగి వంకాయ ధర అడుగును. పద్యానికొక్క పాదం చొప్పున నాలుగు ఆవృత్తాలు తిరిగి, చివర ధారణలో అన్ని పద్యాలూ వరుసగా అప్పజెప్పవలెను. ప్రొద్దుటూరు మాకు దూరము కాదు. దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకటశేషశాస్త్రి జంటగా అవధానాలు చేసినవారు, పిమ్మట సి.వి. సుబ్బన్న శతావధాని. ఇక చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950) సంగతి ఎత్తుకుంటే ఈ టీక తెమలదు.

అందరూ అవధానిని పొగడుదురు. ఆ ఎనిమిదిమంది లేచి ఇంటికి పోతే అతడు మాత్రం ఏం ధారణ చేస్తాడు? మతికి పప్పు కాదు, పృచ్ఛకుడు కావాలి. ముసలాయన్ను ఇంట్లో ఏమైనా అడిగేవాడెవడు? కొడుకు ఓటీపీ అడుగుతాడు. కాసేపటికి చెల్లకుండా పోయే అంకెలవి. గుర్తుంచుకోకపోవడమే వాటి ధర్మం. ఒక్క అంకె తడబడితే చాలు, "నాయనకు మతిమరుపొచ్చింది" అని బంధువులకంతా చెప్పేస్తాడు. పింఛను కోసం ఏటా బతికే ఉన్నామని రుజువు చూపాలి. అక్కడా వేలిముద్రే అడుగుతారు, మాట అడగరు. మొన్న మనవడికి, ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న ఉరి తీసింది మన కోయిలకుంట్లలోనే, తలను 1877 దాకా కోటలో వేలాడదీసినారు అని మొదలుపెడితే, "సినిమాలో సూసినాం లే తాతా" అన్నాడు. ఆ సినిమా వచ్చింది 2019లో. మా అవ్వల కాలం నుంచీ వస్తున్న నరసింహారెడ్డి పాట దాని ముందు నిలవలేదు.

అది అట్లుండనిండు. ప్రకృతమనుసరింతము.

'ఎడమచేత్తో పళ్లు తోముడు' — ఇది ప్రక్షిప్తమని మా అభిప్రాయము. దీనిని ఆచరించిన ఒక విశ్రాంత ఉపాధ్యాయునికి చిగురు చీరుకొనిపోయెను. ఏ వారము, ఏ వైపు, ఎంత నెత్తురు, ఏ రంగు బ్రష్షు అన్నీ పొల్లుపోకుండా చెప్పుచున్నాడు, అడిగినవారికీ అడగనివారికీ.