ఎంతిస్తారట?

వాలంటీరుగా ఉగాండా వెళ్తున్నాననగానే మనవాళ్ళకి ఇడీ అమీన్ గుర్తొస్తాడనుకున్నాను. ఒక్కరికీ రాలేదు. అందరికీ జీతమే గుర్తొచ్చింది.

"ఎంతిస్తారట?"

పాలబ్బాయి అడిగాడు. మా పెద్దాడపడుచు అడిగింది. పోలీసు క్లియరెన్సు ఎంక్వయిరీకి ఇంటికొచ్చిన కానిస్టేబులు నా మీద కేసులున్నాయా అని అడగడం మానేసి ముందు ఇదే అడిగాడు. ఏమీ ఇవ్వరు, టిక్కెట్టు కూడా నాదే, ఉండటానికో గది, ఊళ్ళు తిరగటానికి బోడాబోడా మోటారుసైకిలు ఖర్చులు, అంతే అని చెప్తాను. నా మొహంలోకి ఓసారి తేరిపార చూసి, గొంతు తగ్గించి, "ఎంతో కొంత ఇస్తారుగా?" అంటారు. పెద్ద మొత్తమే అయ్యుంటుంది, దిష్టి తగులుతుందని దాస్తోంది అని వాళ్ళ నిర్ధారణ. మా ఆడపడుచైతే డాలర్లలోనా, షిల్లింగుల్లోనా అన్నదాకా వెళ్ళింది.

మా మరిది వాదం వేరు. 2019లో యాభై ఇళ్ళకొకరు చొప్పున పెట్టిన మన ఊరి వాలంటీర్లకే నెలకు ఐదువేలిచ్చారు. వాళ్ళు వీధి చివరిదాకా వెళ్తే చాలు. "సముద్రం దాటేదానివి, నీకు సున్నానా వదినా? ఎక్కడో మోసం ఉంది, కాగితాలోసారి చూపించు." కాదనడానికి నాకు పాయింటు దొరకలేదు.

నేను వెళ్ళేది పొదుపు సంఘాల పని మీద. ఇక్కడ ఆ సంఘాల్ని చూసే వెలుగు పథకంలో సీసీగా చేరి ఏపీఎంగా రిటైరైందాన్ని. తీర్మానం పుస్తకాలూ అప్పుల లెడ్జర్లూ కలలో కూడా వస్తాయి. అక్కడి పల్లెల్లో ఆడవాళ్ళ గ్రూపుల లెక్కలు సరిచూసి, పుస్తకాలు రాసే పిల్లలకు నేర్పాలి. దీనికి ఇంత రాద్ధాంతం.

ఈ గోల ఇలా ఉండగానే కామెర్లొచ్చాయి. నాకు కాదు. నాకొచ్చాయని వీధికి తెలిసింది.

ఉగాండాలో దిగాలంటే ఎల్లో ఫీవరు టీకా కార్డు చూపించాలి. ఆ టీకా ప్రయాణానికి కనీసం పదిరోజుల ముందు వేయించుకోవాలి. ఆ జ్వరం మన దేశంలో లేదు. దాన్ని మోసే దోమ మాత్రం మన నీళ్ళడ్రమ్ముల్లో, కొబ్బరిచిప్పల్లో దివ్యంగా ఉంది, డెంగ్యూ తెచ్చేది కూడా అదే. అందుకని తిరిగొచ్చేటప్పుడు మనవాళ్ళూ కార్డడుగుతారు. లేకపోతే ఆరురోజుల దాకా విడిగా పెట్టేస్తారు. సరే, హైదరాబాదు వెళ్ళాను. అరవై దాటినవాళ్ళకి ఈ టీకా ఆచితూచి వేస్తారు కాబట్టి డాక్టరు చాలా ప్రశ్నలే వేశాడు. అందులో ఒకటి, "గుడ్డు పడుతుందా?" ఈ టీకా మందు కోడిగుడ్లలోనే పెంచుతారట.

"మా ఇంటావంటా లేదండీ."

"తింటారా అని కాదమ్మా, పడుతుందా అని."

తినకుండా పడేదీ పడనిదీ ఎలా చెప్పను? ఆయన కాసేపు ఆలోచించి, "బేకరీ కేకు తిన్నారా ఎప్పుడైనా?" అన్నాడు. తిన్నానన్నాను. "ఏమైనా అయిందా?" "లావయ్యాను."

టీకా వేశారు. చిన్న పసుపుపచ్చ పుస్తకమొకటి చేతిలో పెట్టారు. ఇంటికొచ్చి దాన్ని డైనింగు టేబులు మీద పడేయడం, కరివేపాకు కోసమొచ్చిన పక్కింటి టీచరమ్మగారు దాని మీద ఎల్లో ఫీవరన్న పేరు చదవడం ఒకేసారి జరిగాయి. సాయంత్రానికి వీధిలో ఎవరెదురైనా నా కళ్ళ కింది రెప్ప లాగి చూసేవాళ్ళే. పెద్దాడపడుచు నేల ఉసిరి ముద్ద నూరి మజ్జిగలో కలిపి పరగడుపున పట్టుకొచ్చింది. ఇంకొకాయన పసరుమందు పోసే ఊరి పేరు చీటీ రాసిచ్చాడు. ఆదివారం తెల్లారకముందే వెళ్ళాలి, మందు మింగాక వెనక్కి తిరిగి చూడకూడదు. మణికట్టు మీద వాత పెడితే ఇట్టే పోతాయని పాలబ్బాయి. "కామెర్లు కాదు నాయనా, టీకా" అంటే, "మొదట్లో ఎవరికీ తెలీదమ్మా" అని ఓదార్పు.

చివరికి సున్నపునీళ్ళ పరీక్ష పెట్టారు. సున్నపునీళ్ళలో చేతులు కడిగితే ఒంట్లో ఉన్న పచ్చ నీళ్ళలోకి దిగాలట. ఈ పీడ వదిలిపోతుందని వంటింట్లోంచి అలాగే లేచొచ్చి చేతులు ముంచాను. అప్పటిదాకా పులిహోర కలుపుతున్నాను. పసుపూ సున్నమూ కలిస్తే ఏమవుతుందో హారతి పళ్ళెం పట్టిన ప్రతి ఆడదానికీ తెలుసు. నీళ్ళు ఎర్రగా తిరిగాయి. అయినా ఆ క్షణాన ఒక్కరికీ హారతి గుర్తు రాలేదు. ఇవి పచ్చవి కూడా కాదు, ముదిరినవని తేల్చారు. ఆ పూట నుంచి మా పొయ్యి మీద తాలింపు బందు, కారం బందు. ఇద్దరికీ కలిపే వంట కాబట్టి నాకు కామెర్లు లేవని చివరిదాకా పోరాడినవాడు మా ఆయనొక్కడే. 2016 నుంచి ఆ టీకా కార్డు జీవితాంతం చెల్లుతుందట. కామెర్ల మాట కూడా అంతకాలమూ చెల్లేట్టుంది.

ఆ పథ్యం మీద ఉండగానే ఆన్‌లైను శిక్షణ మొదలైంది. పల్లెటూరి ఆడవాళ్ళతో ఎలా మెలగాలో మా అబ్బాయి వయసు కుర్రాడు స్లయిడ్లు వేసి చెప్పాడు. కుర్చీలో కూర్చోకూడదట, వాళ్ళతోపాటు చాప మీదే కూర్చోవాలట. నా మోకాళ్ళు ఎక్కడ అరిగాయనుకున్నాడో! కళ్ళు మూతలు పడుతుండగా ఒక ఫొటో వేశాడు. ఇనప్పెట్టె. దానికి మూడు తాళాలు. మూడు తాళంచెవులూ ముగ్గురు సభ్యుల దగ్గర ఉంటాయి. మీటింగులో అందరూ చూస్తుండగా తప్ప అది తెరుచుకోదు. 1991లో నైజర్ దేశంలో కేర్ సంస్థ మొదలుపెట్టిన పద్ధతి ఆఫ్రికా అంతా పాకిందట. ఎవరెంత పొదుపు వేస్తే వాళ్ళ పుస్తకంలో అన్ని రబ్బరుముద్రలు కొడతారు. చదువు రాకపోయినా ముద్రలు లెక్కపెట్టుకోవచ్చు. సంతకంతో పనిలేదు.

మాకు సంతకమే పండగ. వేలిముద్ర వేసేవాళ్ళ చేత పలక మీద పేరు దిద్దించి, తీర్మానం పుస్తకంలో మొదటి సంతకం పెట్టించిన రోజు స్వీట్లు పంచుకునేవాళ్ళం. తర్వాత ప్రైవేటు ఫైనాన్సు కంపెనీలు ఊళ్ళ మీద పడ్డాయి. వారం వారం వాయిదా, ఒకరు కట్టకపోతే మిగతావాళ్ళంతా వెళ్ళి ఆ ఇంటిముందు కూర్చోవాలి. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చేదాకా ఆ వేటకు అడ్డు లేదు. ఆ రోజుల్లోనే ఒకావిడ తన అప్పుకాగితాలన్నీ తెచ్చి నా ముందు పరిచింది. ఒక్కొక్కటీ ఒక్కో కంపెనీది. అన్నిటి కిందా గుండ్రటి అక్షరాల్లో ఆవిడ పేరు. సున్నాలు చుట్టి తలకట్టు పెట్టడం మేం దిద్దించిందే. పలక పట్టిన కొత్తలో, "బాగా రాశానా మేడం?" అని గీతగీతకీ అడిగేది. ఆ వేళ ఏమీ అడగలేదు.

పేరుకి నేర్పడానికే వెళ్తున్నాను. నాకు ఆ పెట్టె చూడాలనుంది, అది తెరిచేటప్పుడు ఆ చాప మీద ఉండాలనుంది. ఎంతిస్తారట అన్నవాళ్ళకి ఈ మాట ఏం చెప్పను?

మొన్న మా పిన్ని ఫోను చేసింది. ఆవిడదీ అదే ప్రశ్న. విసుగొచ్చి, "జీతం లేదు, గీతం లేదు పిన్నీ. జింజా అనే ఊరి దగ్గర ఉంటాను, విక్టోరియా సరస్సులోంచి నైలునది బయల్దేరేది అక్కడే" అన్నాను.

"నది పుట్టేచోటా!" అంది పిన్ని. "మరి ముందే చెప్పవేమే? ఎంత పుణ్యం చేసుకున్నావో! టిక్కెట్టు ఎంతైనా కానీ, ఇలాంటివాటికి డబ్బు చూసుకోకూడదు."

కాశీ వెళ్ళేవాళ్ళని ఎంతిస్తారని అడిగేవాడు లేడు. ఇన్నాళ్ళూ ఇది తోచక నోరు నొప్పి పుట్టేలా చెప్పుకున్నాను. అప్పట్నుంచి అందరికీ నైలే చెప్తున్నాను. ఆడపడుచు షిల్లింగుల మాట మరిచిపోయి పసుపు, కుంకుమ, రవికలగుడ్డ తెచ్చిచ్చింది, నదిలో వదలమని. కానిస్టేబులు వాళ్ళమ్మ కోసం చిన్న సీసాడు నీళ్ళడిగాడు. మా మరిది పంచాంగం ముందేసుకుని కూర్చున్నాడు. గోదావరికి 2027లో పుష్కరాలు, మరి నైలుకెప్పుడని రాత్రంతా వెతికి, పన్నెండు రాశులూ మన నదులకే పంచేశారు, నైలుకి ఖాళీ లేదని తేల్చాడు. అయినా నీళ్ళు మాత్రం తెమ్మన్నాడు. అతను పంపింది రెండు లీటర్ల సీసా.