కాకతాళీయ వైద్యం

తెలుగు రాష్ట్రాల్లో ఏ బస్టాండు మూత్రశాలలోకి వెళ్ళినా గోడమీద ఒక మహావైద్యుడు వెలసి ఉంటాడు. ఆయనకు ఆసుపత్రి ఉండదు గాని, నెలకోసారి ఫలానా లాడ్జిలో మేడమీది గది ఉంటుంది. సుఖవ్యాధులన్నీ మునుల నాటి మూలికలతో, పరీక్షల పని లేకుండా, ఒక్క మండలంలో సమూలంగా నయం చేయబడునని, వివరాలు అతి గోప్యంగా ఉంచబడునని పోస్టరు హామీ ఇస్తుంది. ఆయనను వట్టి మోసగాడని తీసిపారేయడం తొందరపాటు, ఎందుకంటే సవాయి రోగం విషయంలో చెప్పిన గడువుకు పుండు నిజంగానే మానుతుంది.

సవాయి, అంటే వైద్యులు సిఫిలిస్ అనే వ్యాధి, ట్రెపోనెమా పాలిడమ్ అనే మెలికల బాక్టీరియా వల్ల కలుగుతుంది. అది సోకిన దాదాపు మూడు వారాలకు, ఒక్కోసారి మూడు నెలలకు, జననాంగం మీద సాధారణంగా ఒకే పుండు లేస్తుంది. అంచు గట్టిగా ఉన్నా నొప్పి ఉండదు, మందు వాడినా వాడకున్నా మూడు నుంచి ఆరు వారాల్లో దానంతటదే మాడిపోతుంది. కాకి వాలిన క్షణానే తాటిపండు రాలడాన్ని శాస్త్రకారులు కాకతాళీయ న్యాయమన్నారు. ఈ కాకి పండు రాలే రోజు ముందే తెలుసుకుని, నలభై రోజుల మండలం లెక్కగట్టి, వాలినందుకు ఫీజు కూడా పుచ్చుకుంటుంది.

వ్యాధి మాత్రం రక్తంలోనే ఉండి, కొన్ని వారాలకో నెలలకో అరచేతుల్లో, అరికాళ్ళలో దురద లేని మచ్చలుగా బయటపడుతుంది. వేడి చేసిందనుకుని రోగి మజ్జిగ తాగుతాడు, మచ్చలూ వాటంతటవే పోతాయి, మహావైద్యుడి ఖాతాలో మరో విజయం జమవుతుంది. ఆ తరువాత ఏ లక్షణమూ లేని గుప్తదశ ఏళ్ళ తరబడి సాగి, చికిత్స అందని కొందరిలో గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమనినో మెదడునో దెబ్బతీసే నాటికి, వైద్యుడు లాడ్జి మార్చి ఉంటాడు. ఇక గోప్యత హామీ అక్షరాలా నెరవేరుతుంది: భార్యకు సంగతి తెలియదు, వ్యాధి మాత్రం సోకుతుంది, గర్భిణి అయితే బిడ్డ కడుపులోనే చనిపోవచ్చు.

మునుల రహస్యమన్న మాట మరీ విడ్డూరం. ఆయుర్వేదంలో దీన్ని ఫిరంగ రోగమన్న పేరుతో వర్ణించినవాడు 16వ శతాబ్దపు భావమిశ్రుడు, ఆయన భావప్రకాశంలో చెప్పిన మందుల్లో పాదరసం ఒకటి. యూరప్ కూడా 1910లో సాల్వర్సాన్ అనే మందు వచ్చేదాకా పాదరసాన్నే నమ్ముకుంది. 1943లో పెన్సిలిన్ గుణం రుజువయ్యాక ఆ రెండూ మూలపడ్డాయి. ఇంతకాలమైనా ఈ బాక్టీరియా పెన్సిలిన్‌కు లొంగుతూనే ఉంది.

అసలు వైద్యానికి ఇంత ఆర్భాటం లేదు. వీడీఆర్‌ఎల్ అనే రక్తపరీక్షతో అనుమానించి, మరో పరీక్షతో నిర్ధారించి, తొలి దశలో 24 లక్షల యూనిట్ల బెంజతీన్ పెన్సిలిన్ ఒక్క మోతాదు, ఏడాది దాటినదైతే వారానికొకటి చొప్పున మూడు మోతాదులు పిరుదు కండకు ఇస్తారు. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లోని సురక్షా క్లినిక్‌లలో ఈ మందు తెల్లరంగు కిట్‌గా ఉచితంగా దొరుకుతుంది. నొప్పితో గుంపుగా లేచే నీటిపొక్కులు హెర్పిస్ అనే మరో సుఖవ్యాధివి గనుక వాటికి ఎర్రరంగు కిట్ వేరుగా ఉంటుంది. ఈ తేడా చూడకుండానే అన్నింటికీ ఒకే పొట్లం కట్టడం లాడ్జి వైద్యుడి ప్రత్యేక ప్రతిభ.

సుఖవ్యాధులను నయం చేస్తామన్న ప్రకటనలను 1954 నాటి మందులు, మాయా చికిత్సల చట్టం నిషేధించి, తొలి నేరానికే ఆరు నెలల వరకు జైలుశిక్ష విధించవచ్చని చెప్పింది. చట్టం పుస్తకంలో భద్రంగా ఉంది, పోస్టరు గోడమీద భద్రంగా ఉంది. ఆ రెండూ ఎదురుపడేదాకా ఆగకుండా, పుండు కనిపించినవారే కాదు, మానిందని సంబరపడుతున్నవారు కూడా, జీవిత భాగస్వామిని వెంటబెట్టుకుని వెళ్ళి రక్తపరీక్ష చేయించుకోవాలి.