నక్కవాగుకూ ఒక గ్రాంటు ఇప్పించండి!

గోదారి సముద్రంలో కలిసే చోట, కాకినాడ పక్కన కోరింగ మడ అడవులున్నాయి. 1978లోనే అభయారణ్యం హోదా దక్కింది. 2011లో ప్రపంచ పర్యావరణ నిధి 60 లక్షల డాలర్లకు పైగా ఇస్తే ఆ తూర్పుగోదావరి ముఖద్వారం కోసమే ఒక పథకం మొదలైంది. నీటిపిల్లుల మీద కూడా సర్వేలు జరిగాయి. మంచి పనే. మా పేచీ అల్లా, దిగువనున్న పిల్లికి దక్కిన డాలరు ఎగువనున్న నక్కకెందుకు దక్కలేదని.

నక్కంటే నక్కవాగు. అదీ గోదారి బంధువే. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీలు వదిలింది ఇసకవాగు తెచ్చి నక్కవాగులో పోస్తే, నక్కవాగు మంజీరకు అప్పజెబుతుంది. మంజీర కందకుర్తి దగ్గర గోదారికి ఇచ్చేస్తుంది. ముఖద్వారం దగ్గర కాపలా పెట్టి, దొడ్డిదారిని ఫ్యాక్టరీలకు వదిలేసిన ఇల్లు ఇది.

అమెరికాలో 1972 నాటి తీరప్రాంత చట్టం కింద నదీముఖ పరిశోధనా క్షేత్రాలకు భూమి కొనాలంటే కేంద్రం సగం, రాష్ట్రం సగం పెట్టుకుంటాయట. పాపం, డబ్బులు పెట్టి కొంటారు! మన దగ్గర ఆ ఖర్చే లేదు. వాగు పక్కన వరి పండిన పొలాలు నోటిఫికేషన్ లేకుండా, అవార్డు లేకుండా, వాటంతటవే సాగు నుంచి తప్పుకున్నాయి. ఇంత చవకైన భూసేకరణ ఏ కలెక్టరు చేయగలడు?

ఇక పరిశోధన. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం ఇక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించి ప్రపంచానికి చెప్పింది. అప్పట్లో 90 దాకా మందుల కంపెనీల వ్యర్థజలం వచ్చే కేంద్రమది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. లెక్క కట్టండి: పదహారు లీటర్లు పట్టే బిందె నింపితే దాదాపు ఒక 500 మిల్లీగ్రాముల మాత్ర. చీటీ అక్కర్లేదు, డాక్టరు ఫీజు లేదు. అన్నట్టు, అది శుద్ధి చేశాక వచ్చిన నీరు. మందులకు లొంగని బ్యాక్టీరియాను చూడాలని దేశదేశాల శాస్త్రవేత్తలు మన వాగు గట్టుకొస్తున్నారు. కోరింగకు వెళ్లేవాళ్లు పక్షులను చూస్తారు, ఇక్కడికొచ్చేవాళ్లు సీసాలు నింపుకుంటారు. పర్యాటక శాఖ ఇంకా మేల్కోలేదు.

ఇరిగేషన్ శాఖకూ మేమో ఘనత చూపిస్తాం. పట్టిసీమ నీళ్లు 2015లో కృష్ణకు చేరాయని సంబరాలు చేసుకున్నాం కదా, అంతకన్నా ముందే పటాన్‌చెరు నుంచి అంబర్‌పేటకు ఈ వ్యర్థజలం కోసం పద్దెనిమిది కిలోమీటర్ల పైపులైను పడింది. మంజీరలో కలవాల్సింది మూసీలోకి, మూసీ నుంచి కృష్ణలోకి. టీఎంసీకి టీఎంసీ కొట్లాడుకునే రెండు పరీవాహకాల మధ్య, ఏ ట్రిబ్యునలూ వాటాలు పంచకుండానే అనుసంధానం అయిపోయింది. కృష్ణ ముఖద్వారంలోనూ ఒక అభయారణ్యం ఉంది లెండి. దానికీ అన్యాయం జరగలేదు.

కోర్టులు ఊరుకోలేదు. ఈ కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టుకెక్కిన కేసు 2001లో హైకోర్టుకు, 2013లో హరిత ట్రిబ్యునల్‌కు ప్రయాణించి 2017లో తీర్పు దగ్గర ఆగింది. ఇరవై ఏడేళ్లు. ఆ వేగంతో మన నీళ్లు పారి ఉంటే ఇసకవాగు ఇంకా నక్కవాగును చేరేదే కాదు.

కాబట్టి అయ్యా, ఫైలు కదిలించండి. సర్వే అక్కర్లేదు, హద్దురాళ్లు అక్కర్లేదు. ఎక్కడ పంట ఆగిందో రైతులు వేలు పెట్టి చూపిస్తారు. ‘అభివృద్ధి’ పద్దు కింద పని ఎప్పుడో పూర్తయింది గనక, నిధులు మంజూరు కాకముందే యూటిలైజేషన్ సర్టిఫికెట్ జత చేస్తున్నాం.