కంప శాస్త్రం: పంగల కట్టె ప్రకరణం

దున్నుడు మీద, విత్తుడు మీద, కోత మీద పెద్దలు చాలా రాశారు. దున్నాలంటే ముందు చెలకలో కంప ఉండొద్దన్న సంగతి మాత్రం శాస్త్రకారులకు పట్టినట్టు లేదు. మా పాలకుర్తి అంటే పాల్కురికి సోమన ఊరు. పండితారాధ్య చరిత్రలో జనం పాడుకునే తుమ్మెద పదాలకు చోటిచ్చిన మనిషి తుమ్మ దగ్గర ఎందుకు ఆగాడని ఈ వ్యాసకర్తకు అనుమానం వచ్చింది. విచారిస్తే దోషం ఆయనది కాదు. ఇవాళ మన చెలకలను పట్టుకున్న సర్కారు తుమ్మ అమెరికా ఖండాల మొక్క. జమైకా విత్తనాలు తెప్పించి 1877లో కడప జిల్లా కమలాపురం వైపు నాటారు. కాకతీయుల కాలపు కవిని ఈ కేసులో ఇరికించడం అన్యాయం.

ఇక పనిముట్ల విచారణ. కొడవలి గడ్డికి, లేత పొదకు. దాన్ని పట్టుకొని తుమ్మ మీదికి పోయేవాడు ఈ శాస్త్రానికి అర్హుడు కాడు. గొడ్డలి దగ్గర పండితులు రెండు పక్షాలు: పదును గొప్పదా, కామ గొప్పదా? ఎండాకాలం కామ ఎండి సన్నబడుతుంది, ఇనుము వదులవుతుంది. ఎత్తి వేస్తే కామ చేతిలో, గొడ్డలి పక్కోడి చెలకలో. అందుకే తెలిసినవాడు ముందురాత్రే దాన్ని నీళ్ల గోలెంలో నానేస్తాడు. ఆ కామ కూడా చాలాసార్లు నల్లతుమ్మదే. తుమ్మను తుమ్మతోనే కొట్టించడం ధర్మమా అన్నది మరో శాస్త్రం వాళ్లు తేల్చుకోవాలి.

గొడ్డలే ప్రధానమని పూర్వపక్షం. ఇది గట్టు మీద నిలబడి కంప కొట్టించేవాళ్ల వాదన. కొట్టుడు ఎంతసేపు? కొట్టిన కొమ్మను పట్టుకునేదెట్లా అన్నదే అసలు ప్రశ్న. కనుక సిద్ధాంతం: పంగల కట్టె. మనిషెత్తు కట్టె, కొసకు పంగ, అంతే. ధర లేదు, పదును లేదు, కమ్మరి కొలిమి మొహం చూసింది లేదు. పంగతో కొమ్మను అదిమిపెట్టి మొదట్లో దెబ్బ వేయాలి. తెగినాక అదే పంగతో నూకాలి. మొదళ్లన్నీ ఒకవైపు పడేలా కొమ్మ మీద కొమ్మ వేసి పైనుంచి ఒత్తితే ముల్లులో ముల్లు దిగి మోపు దానంతట అదే బిగుసుకుంటుంది. తాడు దండుగ. చేతులతో ఎత్తినవాడి సంగతి సాయంత్రం పిన్నీసు చెబుతుంది. హవాయి చెప్పులేసుకొచ్చినవాడి సంగతి సాయంత్రం దాకా కూడా ఆగదు.

రోకలి ఈ జాబితాలోకి వస్తుందా అని అడిగేవాళ్లున్నారు. కంపకు రాదు. కానీ చాకలి ఐలమ్మ తన భూమి కోసం విసునూరు దొర మనుషుల మీదికి రోకలి ఎత్తిన ఊరు మా పాలకుర్తి. భూమిని సాఫు చేసే పనిముట్లు వేరు, నిలబెట్టుకునే పనిముట్లు వేరు. ఆ రెండో శాస్త్రం ఈ నవ్వులాటకు అందేది కాదు.

మిగిలింది గడ్డపార. సర్కారు తుమ్మను నేల మట్టానికి నరికితే చచ్చిపోదు, ఒక్క మొద్దుకు పది పిలకలేసి లేస్తుంది. చిగురు ప్రాణం మట్టిలో ఉన్న మొదట్లో ఉంటుంది. పైగా కాయలు తిన్న మేకలు పెంటికలతో పాటు విత్తనాలు కూడా ఊరంతా పంచిపెడతాయి.

కాబట్టి చెలక ఉన్నవాళ్లకు మనవి. మిరుగం రాకముందే గడ్డపారతో జానెడు లోతుకు తవ్వి మొదలుతో సహా పీకండి. పైపైన కొట్టి ఊరుకున్నారో, వచ్చే ఎండాకాలం ఈ శాస్త్రం రెండో సంపుటం రాయక తప్పదు, మీరు చదవకా తప్పదు.