పలుపుకోణ నిర్ణయ శాస్త్రం

గుంజకు కట్టిన గేదె పలుపు బిగిసేదాకా సాగి, గట్టు మీద కాళ్లూని, పొరుగువాడి చేలో మూతి పెట్టిన క్షణాన పలుపుకూ గట్టుకూ నడుమ ఏర్పడే కోణాన్ని, గేదెను చూడకుండానే నిర్ణయించే విద్య పలుపుకోణ శాస్త్రం. దివిసీమలో దీన్ని అరుగు మీద కూర్చుని అభ్యసిస్తారు. లేచి వెళ్లి చూసొచ్చి చెప్పేవాడు అనధికారి.

1. పరంపర

అర్ధజ్యలను పద్యంలో పొదిగిన ఆర్యభటుడు (జననం 476) ఆదిగురువు. జ్యా అనగా వింటినారి. అదీ తాడే గనుక పలుపుకు జ్ఞాతి. ఈ జ్యాయే జీవా అయి, అరబ్బుల నోట జీబాగా మారి, లాటిను పండితుల చేతిలో ‘వంపు’ అని అపార్థానికి గురై, సైనుగా తిరిగొచ్చి, ఇంటర్ మొదటి సంవత్సరపు త్రిభుజ ధర్మాలలో స్థిరపడింది. తాడు పోయి వంపు మిగలడాన్ని పాడిగల గృహస్థులెవరూ నేటికీ క్షమించలేదు. 1794లో మదరాసులో సర్వే పాఠశాల స్థాపించి, 1796లో బందరులోనే దేహం చాలించిన మైకేల్ టాపింగును కొందరు ఈ పరంపరలో చేరుస్తారు. సర్వేయర్లది గొలుసు సంప్రదాయం; మనది పలుపు. ఆయన అతిథిగానే గణ్యుడు.

2. సూత్రం

త్రిభుజంలో ఏ భుజానికైనా, దాని ఎదుటి కోణపు సైనుకూ గల నిష్పత్తి ఒక్కటే. చేను మూల నుంచి గుంజ 8 బారలు. ఆ మూలలో గట్టుకూ గుంజకూ నడుమ 30 డిగ్రీలు. పలుపు 5 బారలు. 30 డిగ్రీల సైను అర్ధం. ఎనిమిదిలో సగాన్ని అయిదుతో భాగించగా కోరిన కోణపు సైను 0.8. ఇంతవరకు పండితులలో భేదం లేదు.

3. పలుపు భేదాలు

4 బారలకు లోపలిది వంధ్యం: గట్టు అందదు, సైను ఒకటిని మించుతుంది, గేదె అరుస్తుంది. సరిగ్గా 4 అయితే లంబం. గట్టు ఒక్కచోటనే అందుతుంది. 4కూ 8కీ నడుమది ద్విముఖం. 8 దాటితే రెండో స్థానం చేను మూలకు అవతల పడుతుంది. అది సరిహద్దు తగాదాల శాస్త్ర విషయం.

4. మతత్రయం

0.8 సైనుగల కోణాలు రెండు: 53°8′, 126°52′. కలహం ఇక్కడే.

బందరు వారు అల్పకోణవాదులు. క్యాలిక్యులేటరు 53°8′ అన్నది, 90 దాటిన కోణం దాని నోట రాదు, రానిది లేదు అని వారి వాదం. గేదె గట్టు చివర ఉంటుందని వీరి నిశ్చయం.

గుడివాడ వారు అధికకోణవాదులు. బెజవాడకూ బందరుకూ భీమవరానికీ పట్టాలు చీలే జంక్షనులో పెరిగినందున, మొదట వచ్చిన బండే మనదనుకోరాదని వీరికి బాల్యంలోనే తెలుసు. కాలవ మూలనే ఉన్నది గనుక గడ్డీ అక్కడే, గేదే అక్కడే, కోణం 126°52′ అంటారు.

దివి వారు ఉభయకోణవాదులు. 30కి 126°52′ కలిపితే 156°52′. 180 మించలేదు గనుక రెండో త్రిభుజమూ సజీవమే. పులిగడ్డ వద్ద కృష్ణ రెండు పాయలై రెండూ సముద్రంలో కలుస్తుండగా, ఏది అసలు కృష్ణ అని అడిగినవాణ్ణి తాము నీళ్లిచ్చి పంపేస్తామని వీరి సమాధానం. కోపించిన పొరుగువాడు రెండు చోట్లకూ కర్ర పట్టుకుని వెళ్లవలసి వస్తుందన్నదొక్కటే ఈ మతంపై నిలిచిన ఆక్షేపం.

5. అపవాదం

పలుపు తెంచుకున్న గేదెకు కోణం లేదు. దానికి బందెలదొడ్డి శాస్త్రం చూడవలెను. అక్కడ లెక్క డిగ్రీలలో కాదు, రూపాయలలో.