ప్లస్ ఐదు కాంటూరు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ప్లస్ ఐదు కాంటూరు గారి దివ్యసముఖమునకు,

ఈ అర్జీ మంత్రులకో కలెక్టర్లకో పెట్టుకోవచ్చు. కానీ వాళ్లు వస్తుంటారు, పోతుంటారు. పాతికేళ్లుగా కొల్లేరును ఏలుతున్నది సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున సర్వే మ్యాపులో గీసిన తమరే. 1999లో 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటిస్తే హద్దు తమరే. 2002లో కొల్లేరుకు అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో పొక్లెయిన్లు చేపల చెరువుల గట్లు తెగ్గొట్టిందీ తమరి పేరు మీదే. 2008లో అభయారణ్యం కుదించేలా తమర్ని మూడుకు దించాలని శాసనసభ తీర్మానించింది. 2011లో ఈ సంగతి తేల్చడానికి వేసిన అజీజ్ కమిటీ ఐదు దగ్గరే ఉంచమంది. ఇంత రాజకీయ జీవితం ఉన్న గీత రాష్ట్రంలో మరొకటి లేదేమో!

తమరి రాజ్యంలో జనం చూసేది ఆటపాక పక్షుల కేంద్రం. చలికాలపు ఆదివారం కైకలూరు మీదుగా కార్లు బారులు తీరతాయి. చెట్లు చాలక అటవీశాఖ వేయించిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుని, పిల్లల నోట్లో చేపలు పెడుతుంటాయి. పక్కనే ఎర్రకాళ్ల కొంగలు. పడవెక్కినవాళ్లు ఫొటోలు తీసుకుని, కొల్లేరు నిక్షేపంలా ఉందనుకుంటూ ఇంటికెళ్తారు.

చిక్కంతా అక్కడే ఉంది. గూడబాతుకు కావలసింది చేప. సరస్సు చిక్కిపోయినా చుట్టూ బొచ్చె, శీలావతి పెంచే చెరువులున్నాయి; ఎంత దూరమైనా ఎగిరి వెళ్లి తినొస్తుంది. ఉల్లంకి పిట్ట సంగతి వేరు. దానికి మడమ తడిసేంత నీళ్లు, ముక్కు దిగేంత బురద ఉండాలి. చేపల చెరువుకు నిటారు గట్టు, గట్టు దిగితే లోతు. మధ్యలో పిట్ట కాలు మోపే జాగా ఏది? దుర్భిణీ పట్టుకున్నవాళ్లు గూడబాతుల్ని చూసి మురిసిపోయే ముందు బురద అంచుల్ని వెతకడం అందుకే. అక్కడ తగ్గినవాటిని ఎవరూ ఫొటో తీయలేరు.

గూడబాతులనైనా శాశ్వతమని నమ్మడానికి లేదు. మలయాళీ పక్షిశాస్త్రజ్ఞుడు కె.కె. నీలకంఠన్ 1946లో కొల్లేరు ప్రాంతపు గూడబాతుల కాలనీని మళ్లీ వెలుగులోకి తెచ్చారు. అంత పెద్ద కాలనీ 1975 ప్రాంతానికి ఖాళీ అయిపోయింది.

ఇక నీళ్ల విషయం. బుడమేరు, తమ్మిలేరు వంటివెన్నో వచ్చి కొల్లేట్లో పడతాయి. సముద్రానికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. దానికి పూడిక, గుర్రపుడెక్క అడ్డం పడితే ఎగువ ఊళ్లు మునుగుతాయి. ఎండాకాలం నీళ్లు అడుగంటితే పక్షులు లేచిపోతాయి. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు దిగేదీ తమరి ఒడిలోకే. తమరిని మూడుకు దించితే నీళ్లేమీ రెండడుగులు తగ్గి నడవవు.

కనుక తమరు ఐదు దగ్గరే స్థిరంగా ఉండాలి. తమరి పరిధిలో జిరాయితీ భూములున్న రైతులకు పరిహారం ముందు ఇప్పించాలి. వాళ్ల కడుపు కొట్టి పక్షుల్ని కాపాడటం న్యాయమూ కాదు, సాగేదీ కాదు. ఉప్పుటేరు పూడిక తీయించి, లోతులేని నీటి అంచుల్ని ఉల్లంకి పిట్టలకు వదిలిపెట్టించాలి.

ఇట్లు,
గట్టు మీద దుర్భిణీలతో నిలబడి, తమరెక్కడున్నారో ఇప్పటికీ కనిపెట్టలేని పక్షి పరిశీలకులు