వైఫై కార్డు కనెక్ట్ కావట్లేదా? కదిలించకండి!

ఇంట్లోంచి పనిచేసేవాళ్లకి ల్యాప్‌టాప్‌లో వైఫై కార్డు మొండికేయడం కన్నా అదృష్టం ఉండదు. తెలియనివాళ్లు ఐదు నిమిషాల్లో బాగుచేసుకుని మళ్లీ పనిలో పడతారు. మీరు మాత్రం ఇలా చేయండి.

1. కీబోర్డు పైవరుసలో విమానం బొమ్మ ఉన్న మీట జోలికి పోకండి. చాలాసార్లు పొరపాటున నొక్కుకుపోయేది అదే. మళ్లీ నొక్కితే కార్డు లేచి కూర్చుంటుంది, మీ సెలవు హుళక్కి.

2. డివైస్ మేనేజర్‌లో కార్డు పేరు పక్కన పసుపు త్రికోణం కనిపిస్తే ఫొటో తీసి మేనేజరుకి పంపండి. దాన్ని తెరిచి మాత్రం చూడకండి. లోపల కోడ్ 10 అనో, కోడ్ 43 అనో ఉంటుంది. జబ్బు పేరు తెలిస్తే మందు కూడా తెలిసిపోతుంది. ‘‘కార్డు పోయినట్టుంది సార్’’ అంటే చాలు.

3. అన్నిటికన్నా గట్టి చిట్కా ఇది. డ్రైవర్ తీసేయండి. తీసేటప్పుడు డ్రైవర్ ఫైళ్లు కూడా తొలగించమంటూ ఒక గడి ఉంటుంది, దానికి టిక్కు పెట్టడం మరవకండి. లేకపోతే రీస్టార్ట్ చేయగానే విండోస్ దాన్ని మళ్లీ ఎక్కించేస్తుంది. ఇప్పుడు డ్రైవర్ కావాలంటే నెట్ ఉండాలి, నెట్ కావాలంటే డ్రైవర్ ఉండాలి. అడిగినవాళ్లందరికీ ఇది ఓపిగ్గా వివరించండి. ‘‘ఫోన్‌ని వైరుతో తగిలించి నెట్ పెట్టుకో’’ అనేవాడు ఒకడు ఎక్కడైనా ఉంటాడు. మీది ఛార్జింగ్ మాత్రమే ఎక్కే వైరని చెప్పండి. అలాంటి వైర్లు నిజంగానే ఉన్నాయి, ఎవరూ కాదనలేరు.

4. ఐపీ అడ్రస్ 169.254తో మొదలైందంటే రూటర్ నుంచి అడ్రస్ అందలేదని అర్థం. రూటర్‌ని ఒకసారి ఆపి వేస్తే సర్దుకునే అవకాశం ఉంది, కాబట్టి దాన్ని ముట్టుకోకండి. ఫోన్లో ఆ అంకెలే ఒక్కొక్కటీ చదవండి. అవతలివాళ్లు రాసుకుంటారు, పూట గడిచిపోతుంది.

5. కార్డు మీ మాట వినకుండా కనెక్ట్ అయిపోతే రూటర్‌ని మైక్రోవేవ్ పక్కకి మార్చండి. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రెండూ ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. పదకొండింటికి మీటింగ్ ఉంటే సరిగ్గా అప్పుడే పాలు వేడిచేయమని ఇంట్లో చెప్పండి. 5 గిగాహెర్ట్జ్‌కి మారితే ఈ గొడవ ఉండదు, అందుకే మారకండి.

6. ధైర్యముంటే వెనక మూత విప్పండి. కార్డు మీద గుండీల్లా నొక్కి పెట్టిన సన్నని యాంటెన్నా వైర్లు ఉంటాయి. పట్టకారుతో లాగేయండి. ఇక పక్కగదిలో రూటర్ కూడా దానికి కనిపించదు.

7. ఆఫీసువాళ్లు యూఎస్‌బీ వైఫై డాంగిల్ కొరియర్‌లో పంపుతామంటే సంతోషంగా ఒప్పుకోండి. అడ్రసులో ఫ్లాట్ నంబరు రాయకండి.

8. జీతంలో కోత పడితే కంగారు వద్దు, సరైన దారిలోనే ఉన్నారు. ల్యాప్‌టాప్ వెనక్కి ఇచ్చేయమని ఫోన్‌కి మెయిల్ వస్తే ఛార్జరుతో సహా ఇచ్చేయండి. ఆ కార్డుతో ఇక మీకు పని లేదు.